ఔషధ పరిమాణము – వ్యక్తిభేదము
(నెల్లూరు వార్షిక మహాసభలో జరిగిన ఉపన్యాసము)

 

ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, నేను కాళిదాసును గూర్చియో, మన నూటరెండు గోత్రములను గూర్చియో ప్రసంగింతునని వారు తలచియుందురు. 36 సంవత్సరములు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయుడు వేఱేమి చెప్పగలడు? కాని నేడు నేనెంచుకొన్న విషయము వైద్యమునకు సంబంధించినది. నేను వైద్యుడను గాను. నాడి చూచుట యెఱుగను. అయినను ఇది మన యింటి విషయము, మన రక్తమునకు సంబంధించిన విషయము. వైద్యులు మనకు చెప్పవలసినది కొంత కలదు. మనము వైద్యులకు చెప్పవలసినదియు కొంత కలదు. ఈ రెండును జరుగకపోవుటచే ప్రాణములు ప్రమాదమున బడుచున్నవి గనుక సాహసించి నిలుచుంటిని.

మొదట మా యింట జరిగిన సంగతి విన్నవించెదను.

రమారమి 18 సంవత్సరముల క్రిందట ఒకనాటి రాత్రి మా తమ్మునికి కడుపులో భరింపరాని నొప్పి వచ్చినది. ఒక పట్టణమునందలి వైద్యశాలకు గొనిపోతిమి. అపెండిక్సు వాచినదనియు, తెల్లవారువఱకు ఆగరాదనియు చెప్పి వెంటనే శస్త్రచికిత్సకు సిద్ధపఱచిరి. ముక్కాలు గంటలో పని ముగిసినది. శస్త్రవైద్యుడు వెలుపలికి వచ్చి, అంతయు సవ్యముగా జరిగినదని చెప్పి వెడలిపోయెను. మేము అమ్మవారికి మ్రొక్కుకొని ఊరట చెందితిమి. కాని తమ్ముడు బయటికి రాలేదు. గంట గడచినది. రెండు గంటలు గడచినవి. తలుపు తీయుచు మూయుచు నర్సులు తిరుగుచుండిరి. అడుగగా, "ఊపిరి యింకను స్వయముగా రాలేదు, యంత్రముమీద నుంచినాము" అనిరి. మా తల్లి గోడకు చేరగిలబడి కూర్చుండి, ఒక్క మాటయైనను పలుకక తెల్లవార్లు ఆ తలుపునే చూచుచుండెను. ఉదయము ఏడు గంటలకు వాని వ్రేళ్లు కదలినవి. పిదప శ్వాస వచ్చినది. భగవదనుగ్రహమున బ్రదికినాడు.

తరువాత వాడు నాతో చెప్పిన మాట నేనెన్నటికిని మఱవజాలను. "అన్నా! నడుమ నాకు తెలివి వచ్చినది. వారి మాటలన్నియు వినబడినవి. కన్ను తెఱవలేను, వ్రేలు కదల్పలేను. వీరు నన్ను చచ్చినవానిగా నెంచి యంత్రము తీసివేయుదురేమో యని భయపడితిని" అనెను.

ఏమి జరిగినదని వైద్యుని అడిగితిమి. "ఏదో యరుదైన సంగతి, ఒకానొకప్పు డిట్లు జరుగును" అని బదులు వచ్చినది. ఇంటికి పంపునపు డిచ్చిన కాగితములో రోగము పేరున్నది, శస్త్రచికిత్స పేరున్నది, ఔషధముల వెలయు నున్నది. ఆ ఆఱు గంటల మాట మాత్రము లేదు.

అయిదేండ్లు గడచిన పిమ్మట మా చెల్లెలికి పిత్తాశయమున రాళ్లు పడినవి. ఈ మాఱు వేఱొక వైద్యశాల. శస్త్రచికిత్సకు ముందటి దినమున మత్తువైద్యురాలొకతె వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క ప్రశ్నయే యడిగినది. అందొక ప్రశ్న ఇది: "అమ్మా, మీ యింటిలో ఎవరికైనను మత్తు ఇచ్చిన తరువాత ఊపిరి ఆలస్యముగా వచ్చినదా?" మా చెల్లెలు అన్నగారి సంగతి చెప్పినది. ఆమె తలపంకించి, "మీరు వైశ్యులా? మీ తలిదండ్రులది మేనరికమా?" అని యడిగి, రెండింటికిని అవునన్న సమాధానము విని, రక్తపరీక్షకు వ్రాసినది. రక్తములో నొక పదార్థము దాదాపు లేనేలేదని తేలినది. వేఱొక మందు వాడిరి. మధ్యాహ్నమునకు మా చెల్లెలు మాతో మాటలాడుచుండెను. ఒకే తలిదండ్రుల బిడ్డలు ఇద్దరు. ఒకరికి ప్రాణభయము, మఱొకరికి సుఖము. ఈ భేదమునకు కారణము ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న అడుగుట ఆమెకు ఎవరో నేర్పియుండిరి, అంతియే.

ఇక ఆ మందేమో, ఆ పదార్థమేమో తెలిపెదను.

శస్త్రచికిత్సలో రోగికి మత్తు ఇచ్చిన వెంటనే గొంతులోనికి గొట్టము చొప్పించి ఊపిరి నడపవలసి వచ్చును. అప్పుడు కండరములు సడలవలెను. ఇందులకు వాడు మందులలో సక్సినైల్‌కోలిన్ అనునది ముఖ్యమైనది. మన వైద్యశాలలలో స్కోలిన్ అని వ్యవహరింతురు. ఇది 1951 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. దేహభారమున కిలో ఒక్కింటికి 1 మొదలు 1.5 మిల్లీగ్రాముల వఱకు సూదితో నెక్కింతురు. ఒక నిమిషములో కండరములన్నియు సడలును, శ్వాస నిలుచును. అయిదు పది నిమిషములలో మరల వచ్చును. త్వరగా పనిచేసి త్వరగా తొలగిపోవుటయే దీని సుగుణము. కడుపు నిండియున్న రోగికి అర్ధరాత్రమున అత్యవసర చికిత్స చేయునపుడు దీనిని తఱచుగా వాడుటకు కారణమదియే.

ఇది త్వరగా ఏల తొలగిపోవును? మన కాలేయమునందు పుట్టి రక్తములో సంచరించు బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము దీనిని విఱిచివేయును. దీనినే సూడోకోలినెస్టరేజ్ అనియు నందురు. ఎక్కించిన మందులో అధికభాగము కండరములను చేరకమునుపే నశించును. కావున వైద్యుడు నిర్ణయించు మోతాదులో ఈ తరుగు ముందే లెక్కకు వచ్చియున్నది. ఎంజైము లేనివానికి తరుగు లేదు. ఇచ్చినదంతయు కండరములమీద పడును. నిమిషములలో పోవలసినది గంటలకొలది నిలుచును. "కొంచెము తక్కువ మోతాదిచ్చిన సరిపోదా?" అని మీరడుగవచ్చును. సరిపోదు. అట్టివానికి కొంచెమైనను అధికమే. వానికి ఆ మందునే విడిచి, ఈ ఎంజైముతో పనిలేని రోక్యూరోనియము వంటి దానిని వాడవలెను. మివాక్యూరియము అను మఱియొక మందును గూడ ఇట్లే వర్జింపవలెను.

ఈ రహస్యమును శోధించినవారిలో అగ్రగణ్యుడు వెర్నర్ కాలో. ఆయన జర్మనీదేశమున పుట్టి, కెనడాలోని టొరంటో నగరమున పనిచేసెను. కొందఱి రక్తములో ఈ ఎంజైము భిన్నమైన రీతిలో నుండుననియు, అది తలిదండ్రులనుండి సంక్రమించుననియు 1957 ప్రాంతమున నిరూపించెను. మందునకును మనిషి పుట్టుకకును గల సంబంధమును విచారించు శాస్త్రమునకు ఫ్రెడ్రిక్ వోగెల్ అను జర్మనీ పండితుడు 1959లో ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టెను. 1962లో కాలో ఆ పేరుతోనే గ్రంథము వ్రాసెను. అనగా ఈ శాస్త్రము పుట్టుటకు గల ముఖ్యకారణములలో నొకటి, నేడు మనము మాటలాడుకొనుచున్న ఈ మందే.

మహాజనులారా! ఇంతవఱకు చెప్పినది లోకమునకంతకును చెందినది. ఇకమీద చెప్పబోవునది ప్రత్యేకముగా మనకు చెందినది.

కోయంబత్తూరునందలి భారతియార్ విశ్వవిద్యాలయమున మనోహరన్, బూపతి యను పరిశోధకులు, అమెరికాలోని ఒక్సానా లాక్‌రిడ్జ్ మున్నగువారితో కలసి, వైశ్యుల రక్తమును పరీక్షించిరి. ఎంజైములోని 307వ స్థానమున ల్యూసీనుండవలసినచోట ప్రోలీనున్నదని కనుగొని, ఆ మార్పును 2006లో ప్రకటించిరి. ఒక మాలలో నొక్క పూస మాఱినది; అంతమాత్రముచేత ఎంజైము పని నిలిచిపోయినది. ఐరోపా, అమెరికా దేశములలో ఈ ఎంజైము బొత్తిగా పనిచేయనివారు లక్షమందిలో ఒక్కరుండగా, తాము పరీక్షించిన వైశ్యులలో 24 మందికి ఒక్కరున్నారని వారు తెలిపిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులగు తంగరాజుగారును, లాల్జీ సింగుగారును, అమెరికా పండితులతో కలసి 2009లో ప్రకటించిన పరిశోధనలో, మన వైశ్యకులము రమారమి నూఱు తరములకు పూర్వము కొలదిమంది మూలపురుషులనుండి విస్తరించి, నాటినుండి అన్యులతో కలయక నిలిచినదని కనబడినది. మనము పెనుగొండ పురాణములో చెప్పుకొనునది వేఱు, రక్తము చెప్పునది వేఱు అని నేననను. కట్టుబాటు నిజముగా నిలిచినదని మాత్రము రక్తము సాక్ష్యమిచ్చుచున్నది. ఆ కట్టుబాటుతోపాటు ఆ మాఱిన పూసయు తరతరములుగా మనతో వచ్చినది. 2017లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో 260కి పైబడిన దక్షిణాసియా సమూహములను పరిశీలించి, ఇట్టి చరిత్ర గలవి 81 కలవని చెప్పిరి. కావున ఇది మన కొక్కరికే కలిగిన లోపము కాదు. మనకున్నది ఇది, ఇతరులకున్నది మఱియొకటి.

ఉపాధ్యాయుడను గనుక చిన్న లెక్క చెప్పెదను. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండును మాఱినవైనప్పుడే ఎంజైము లోపించును. 24కు ఒక్కరు లోపించియున్నచో, మాఱిన పూస అయిదింట ఒకవంతు పాళ్లలో నున్నదని అంచనా. అట్లయిన, తమకు బాధలేకయే దానిని మోయుచున్నవారు రమారమి ముగ్గురికి ఒక్కరుందురు. ఇట్టి ఇద్దఱు దంపతులైనచో ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు ఈ లోపము కలుగవచ్చును. అందుచే ఒక యింట ఒకరికి ఉన్నదని తెలిసినచో, తోబుట్టువులందఱును పరీక్ష చేయించుకొనవలెను. మేమును చేయించుకొంటిమి. ఇదిగో, ఈ చీటి నా జేబులోనిది. నాకును తమ్మునివలెనే ఆ ఎంజైము లేదు. "సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియము ఇయ్యరాదు" అని దీనిమీద వ్రాసియున్నది. నా వయస్సిప్పుడు 67 సంవత్సరములు. ఈ లోపముచేత నాకొక్క దినమైనను జబ్బు కలుగలేదు. ఇట్టివారు మామూలు ఆరోగ్యముతోనే యున్నారని 2007లో ఆ పరిశోధకులును ప్రకటించిరి. ఇది రోగము కాదు. సూది పొడుచు చేయి తెలియక పొడిచినపుడే అపాయము.

ఈ మాట ఇంత బహిరంగముగా చెప్పుట తగునా యని కొందఱు పెద్దలు నన్ను వారించిరి. "మాస్టారూ! కులమునకు చెడ్డపేరు వచ్చును. ఆడపిల్లల సంబంధములు చెడిపోవును" అనిరి. వారి భయమును నేను తేలికగా నెంచను. కాని ఆలోచింపుడు. దాచినంతమాత్రమున రక్తము మాఱదు. దాచుటవలన కలుగునది ఒక్కటే: అర్ధరాత్రమున ప్రసవపు శస్త్రచికిత్సకు వెళ్లిన మన కోడలి సంగతి మత్తువైద్యునికి తెలియకపోవుట. సంబంధము చెడుటకు ఇందు కారణము లేదు; ఎవరి సంసారమునకును దీనివలన లోటు లేదు. యూదులలో ఇట్లే తరతరములుగా సంక్రమించు ఘోరమైన శిశురోగములు కలవు. అట్టి రోగముచే తన బిడ్డలను పోగొట్టుకొనిన జోసెఫ్ ఎక్‌స్టైన్ అను మతగురువు 1983లో న్యూయార్కున దోర్ యెషోరిమ్ అను సంస్థను స్థాపించెను. అచ్చట పరీక్షాఫలితములు పేరుతో గాక సంఖ్యతో నుంచబడును. తమ సంగతి తామే విచారించుకొని, పరువును ప్రాణమును రెండింటిని కాపాడుకొనిన సమాజమది. వారి యిక్కట్టు మనదానికంటె నెన్నో రెట్లు పెద్దది. వారు చేయగలిగినది మనము చేయలేమా?

మఱియొక హెచ్చరిక. వైద్యుడు కులము నడిగి ఊరకుండిన చాలదు. మనలో 24 మందికి ఒక్కరుండిన, లేనివారు 23 మంది. ఇతరులలోను ఒక్కొక్క రుండవచ్చును. కాలేయవ్యాధి, పోషకాహారలోపము, గర్భధారణము – వీనివలనను ఈ ఎంజైము కొంత తగ్గును. పైరులకు చల్లు కొన్ని పురుగుమందులు దేహములో ప్రవేశించినను తగ్గును. ఆ విషము తగిలినవారికి వైద్యశాలలలో ఈ పరీక్షయే చేయుదురు. పుట్టుకతో ఎంజైము లేని మన పిల్లవాడు వేఱే కారణమున మూర్ఛిల్లి వచ్చినచో, ఈ పరీక్షను మాత్రమే చూచి పురుగుమందు త్రాగినాడని భ్రమపడు అవకాశము కలదు. కులము ప్రశ్నకు దారి చూపవలెను, నిర్ణయము పరీక్షది.

ఇక ఈ ఒక్క మందును విడిచి, విశాలముగా చూతము. మందు పరిమాణము మనిషినిబట్టి మాఱవలెననుట ఈ ఒక్క ఎంజైముతో ముగియు సంగతి కాదు.

క్షయకు వాడు ఐసొనియాజిడ్ అను మందు కొందఱి దేహములో వేగముగాను, కొందఱిలో మెల్లగాను నశించును. మనకు సమీపమున మదరాసులో 1956లో స్థాపింపబడిన క్షయ పరిశోధనాలయమువారు దక్షిణదేశపు రోగులలో ఈ భేదమును విచారించిరి. మెల్లగా నశించువారికి నరముల మంటలు, తిమ్మిరులు కలుగుట కెక్కువ అవకాశము. వారమున కొక్కమాఱు మాత్రమే మందిచ్చు పద్ధతిలో, వేగముగా నశించువారికి గుణము తక్కువ. మలేరియాకు వాడు ప్రైమాక్విన్ కొందఱి రక్తకణములను పగులగొట్టును. జి-6-పి-డి అను ఎంజైము వారికి లోపించుటయే కారణమని 1956లో తేలినది. ఇవి పుట్టుకతో వచ్చిన భేదములు. వయస్సుతో వచ్చినవి వేఱు. ముదుసలి మూత్రపిండములు పడుచువాని మూత్రపిండములవలె మందును వెడలగొట్టలేవు. జెంటామైసిన్ వంటి మందు అట్టివారికి నిండు మోతాదులో దినదినము నిచ్చినచో చెవులును మూత్రపిండములును చెడును. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్ ఒకరికి చాలినది మఱొకరికి రక్తస్రావము కలిగించును. అందుకే రక్తమును మాటిమాటికి పరీక్షించి మాత్రను పెంచుచు తగ్గించుచు నుందురు.

ఈ తలంపు మన పూర్వులకు క్రొత్త కాదు. చరకసంహిత విమానస్థానమున రోగిని పది విధములుగా పరీక్షింపవలెనని కలదు: ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. చరకునికి ఎంజైములు తెలియునని నేను చెప్పబోను. అట్లు చెప్పుట చరకునికిని గౌరవము కాదు, సత్యమునకును గౌరవము కాదు. కాని ఔషధమును చేతబట్టుటకు ముందు ఎదుటి మనిషిని చూడవలెనను నియమమును ఆయన శిష్యులకు విధిగా బోధించెను. విధిగా బోధించుట – అదియే నేటి నా ప్రసంగమునకు ప్రాణము.

ఏలననగా, ఈ జ్ఞానము పుస్తకములలో నున్నది, పరిశోధకుల యొద్ద నున్నది. సూది పట్టిన చేతికి చేరుటయే కఱవు. నేను పాఠశాలలో నెఱిగినదొక్కటి. ఒకే పాఠము నలువదిమందికి చెప్పుట సులభము. ఏ పిల్లవానికి ఎంత చెప్పవలెనో కనిపెట్టుట కష్టము. అది ఎవరికిని సహజముగా రాదు; శిక్షణచేత వచ్చును. వైద్యమునకును ఇంతే. 2008 మొదలు మన దేశమున ఫార్మ్.డి. అను చదువు వచ్చినది. మంచము ప్రక్కన నిలిచి మందుల మోతాదును విచారించుటయే ఆ చదువు ప్రయోజనము. 2019 మొదలు ఎం.బి.బి.ఎస్. విద్యలో, ఏమి చదివితివని గాక ఏమి చేయగలవని ప్రశ్నించు పద్ధతి వచ్చినది. మన నెల్లూరున ఏ.సి. సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్యకళాశాల 2014లో నెలకొన్నది. పాత్రలు సిద్ధముగా నున్నవి. వానిలో పోయవలసినది పోయించుటకు మనవంటివారు పూనుకొనవలెను.

నా యల్పబుద్ధికి తోచినంతవఱకు నేర్పవలసినవి అయిదు.

మొదటిది, ప్రశ్న. మునుపు మత్తు ఇచ్చిరా, ఇంటిలో ఎవరికైనను ఊపిరి ఆలస్యమైనదా, ఏ మందు పడలేదు – ఈ మూడింటిని అడుగక ఏ రోగినిని బల్లమీదికి గొనిపోరాదు.

రెండవది, తూకము. రోగి బరువును కంటితో అంచనా కట్టక త్రాసుతో తూచి వ్రాయవలెను. ఇది నర్సులకు నేర్పవలసిన విద్య. మానిక బియ్యమునైనను మన మంగడిలో కంటితో కొలిచి యీయము గదా! ప్రాణము మానిక బియ్యముకంటె తక్కువదా?

మూడవది, పరీక్ష. అనుమానము కలిగినచోట రక్తములోని ఎంజైమును, ముదుసలులకు మూత్రపిండముల శక్తిని ముందే చూడవలెను. అత్యవసరమై పరీక్షకు వ్యవధి లేనిచో, అనుమానమున్న మందును విడిచి వేఱొకదానిని గ్రహింపవలెను.

నాలుగవది, ధైర్యము. పొరపాటున ఆ మందు పడినచో చేయవలసినది తొందరపడకుండుట. యంత్రముతో ఊపిరి నడుపుచు, రోగిని నిద్రలోనే యుంచుచు, మందు తనంతట తొలగువఱకు వేచియుండవలెను. ఇట్లు చేసిన రోగి తప్పక తేరుకొనును. నిద్ర మాన్పుటవలన మా తమ్ముడనుభవించిన భయము మఱొకరికి రాకూడదు.

అయిదవది, చీటి. జరిగినదానిని దాచక వ్రాసి రోగి చేతికీయవలెను. తోబుట్టువులకు పరీక్ష చేయింపుమని చెప్పవలెను. మందువలన కలుగు హానులను నమోదు చేయుటకు 2010 నుండి మన దేశమున ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమము నడచుచున్నది, దానికిని తెలుపవలెను. మా తమ్ముని కాగితములో ఆ ఆఱు గంటల సంగతి వ్రాసియుండిన, మా చెల్లెలి ప్రాణము ఒక ప్రశ్నమీద ఆధారపడవలసిన యవసరమే యుండెడిది కాదు.

ఇక మన కర్తవ్యము. మనలో మందుల అంగళ్లు నడుపువారు కలరు. వైద్యశాలలకు గదులు కట్టించినవారు, మంచములిచ్చినవారు కలరు. చలువరాతిమీద పేరు చెక్కించుకొనుట పుణ్యమే, కాదనను. కాని ఈ సంవత్సరము నా ప్రార్థన వేఱు. సంఘనిధినుండి ఏటేట ఒక దినమున ఈ జిల్లాలోని వైద్యులకు, నర్సులకు, ఔషధవిక్రేతలకు ఈ విషయమున శిక్షణ యిప్పించుటకు కొంత ధనము కేటాయింపుడు. బోధించుటకు కళాశాలల ఆచార్యులను ప్రార్థింపుడు. రెండవది, ఇష్టపడిన కుటుంబములకు రక్తపరీక్ష చేయింపుడు. ఫలితము ఆ మనిషి చేతికే యిండు. సంచికలలో అచ్చువేయరాదు, వివాహవేదికలకు తెలుపరాదు. మూడవది, లోపమున్నవారికి నా జేబులోని దానివంటి చీటి యిప్పించి, ఇంటివారందఱికిని దాని యర్థము తెలుపుడు. అంగడి నడుపు సోదరులకు నొక్క మాట: చీటిలోని మందునిచ్చుటకు ముందు, రోగి వయస్సెంత, మూత్రపిండముల జబ్బున్నదా యని యడుగుడు. సందేహము కలిగినచో వైద్యుని సంప్రదింపక ఈయకుడు. ఒక బేరము ఆలస్యమైనను నష్టము లేదు.

తూకములో ధర్మము తప్పరాదని మన పెద్దలు మనకు చిన్ననాటనే నేర్పిరి. పుచ్చుకొనువాడు పసివాడైనను, పరదేశియైనను, త్రాసు ముల్లు నిలుచువఱకు చేయి తీయరాదనిరి. ఔషధమునకును ఆ ధర్మమే. అందఱికి నొకే కొలత యిచ్చుట సమత్వము కాదు. ఎవరికెంత తగునో అంత యిచ్చుటయే సమత్వము.

మా తల్లి యిప్పుడు లేదు. ఆ రాత్రి ఆమె గోడకు చేరగిలబడి చూచిన ఆ మూసిన తలుపు నా కన్నులయెదుట ఇప్పటికిని నున్నది. అట్టి తలుపు ముందు మఱియొక తల్లి కూర్చుండకుండుటకు ఈ సభ కొంచెము పూనుకొనినచో, ముప్పదియాఱేండ్లు పాఠములు చెప్పినందుకు గాక ఈ ఒక్క పాఠము చెప్పినందుకు నా జన్మ సార్థకమైనదని యెంచుకొందును.